నాలుగో రోజుకు చల్లారిపోయే ఊపుతో ఏం చేయాలి?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఎనిమిది నెలల్లో తండ్రిగారు పోయారు, ఉద్యోగం మారింది, ఇల్లు మారింది. చాలా రోజులు మంచం దిగడమే పెద్ద పనిగా ఉంటోంది. మధ్యమధ్యలో, అదీ ఎక్కువగా రాత్రి పదకొండు దాటాక, ఎక్కడలేని హుషారు పుట్టుకొస్తోంది. అప్పుడు టైంటేబుల్ రాస్తారు, ఏదో కోర్సుకు డబ్బు కడతారు, తెల్లవారుజామున ఐదింటికి అలారం పెడతారు. రెండు మూడు రోజులు జోరుగా సాగి, నాలుగో రోజుకు అంతా చప్పబడిపోతోంది. ఇది నిజమైన ఊపేనా, దీన్ని నిలబెట్టుకోవడం ఎలా, లేక ఇదేమైనా జబ్బా అని మీ ప్రశ్నలు.

ఊపు నిజమైనదే. దాన్ని నిలబెట్టడం మాత్రం మీ చేతుల్లో లేదు, కాబట్టి ఆ ప్రయత్నం మానేయండి. అది ఉన్న రెండు మూడు రోజుల్లో, అది పోయాక కూడా మీకు అక్కరకొచ్చే పనులు చేసి పెట్టుకోవాలి. ఎలాగో వివరంగా రాస్తాను. అయితే జబ్బు సంగతి ముందు తేల్చుకోవాలి. అది తేలకుండా ఊపును వాడుకోమని ఎవరు చెప్పినా వినకండి.

దానికి మొదట చూడాల్సింది నిద్ర. మామూలు ఊపులో రాత్రి రెండింటిదాకా మేలుకుంటే మర్నాడు కళ్లు మండుతాయి, మధ్యాహ్నానికి ఒళ్లు బరువెక్కుతుంది. మూడు గంటలే పడుకుని కూడా పూర్తిగా విశ్రాంతి దొరికినట్టు లేచి, అలా వరసగా నాలుగు రోజులు సాగితే అది వేరే సంగతి. మనసు, ఒళ్లు మామూలు తీరు దాటి ఉరకలేసే జబ్బు స్థితిని వైద్యులు హైపోమేనియా అంటారు, దాని తీవ్ర రూపం మేనియా. హైపోమేనియాకు వాళ్లు పెట్టుకున్న కనీస గడువు వరసగా 4 రోజులు, మేనియాకు 7 రోజులు. నిద్ర పట్టకపోవడం వేరు, నిద్ర అవసరమే లేదనిపించడం వేరు. రెండోదే గుర్తు. దానితోపాటు మాట వేగం పెరగడం, ఆలోచనలు ఒకదాని మీద ఒకటి పరుగెత్తడం, మీ తీరుకు మించిన ఖర్చు, అడ్డొచ్చినవాళ్లపై చిర్రెత్తడం ఉంటే సైకియాట్రిస్టును కలవండి. ఈ మార్పు మీకు తెలియదు, పక్కనున్నవాళ్లకు తెలుస్తుంది. కాబట్టి ఇంట్లో ఒకరిని సూటిగా అడగండి: "ఈ నాలుగు రోజులూ నేను నాలాగే ఉన్నానా?"

ఇంట్లో రక్తసంబంధీకులకు బైపోలార్ (అతి హుషారు, డిప్రెషన్ విడతలుగా వచ్చే జబ్బు) ఉన్నా, ఈ మధ్యే డిప్రెషన్ మందులో స్టెరాయిడ్లో మొదలుపెట్టినా, థైరాయిడ్ సమస్య ఉన్నా ఆ ముక్క డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. బాలింతలు ఇది చదువుతుంటే వాళ్లకో హెచ్చరిక. కాన్పయిన మొదటి రెండు మూడు వారాల్లో నిద్ర లేకున్నా విపరీతమైన హుషారు, వింత అనుమానాలు, పొంతన లేని మాటలు కనబడితే మర్నాటిదాకా ఆగకూడదు, అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి. రెండో వైపు కూడా ఒక గీత ఉంది. రెండు వారాలకు మించి, రోజులో ఎక్కువ భాగం, దేనిమీదా ఆసక్తి లేకుండా గడుస్తుంటే అది డిప్రెషన్ కావచ్చు, దాన్ని పరీక్ష చేయించుకోవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాల లెక్క పెట్టుకోకండి, ఆ రోజే ఎవరికైనా చెప్పి సాయం తీసుకోండి.

ఇవేవీ మీకు వర్తించవనుకుంటే, ఇక ఊపు సంగతి చూద్దాం.

శ్మశాన వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, పురాణ వైరాగ్యం అని మనవాళ్లు ఊరికే అనలేదు. పెద్ద సంఘటన జరిగిన వెంటనే మనిషికి బలమైన సంకల్పం పుడుతుందనీ, ఇంటికి చేరి కాళ్లు కడుక్కునేసరికి అది కరిగిపోతుందనీ వాళ్లకు తెలుసు. వాళ్లు దాన్ని ఎగతాళికి వాడారు. నేనైతే ఎగతాళి చేయను, ఆ సంకల్పం పుట్టడానికి గట్టి కారణాలే ఉన్నాయి.

అలవాటు అనేది మనిషిలో ఎంత ఉంటుందో చోటులోనూ అంతే ఉంటుంది. పాత ఇంట్లో కుర్చీ, తలుపు, దారి, పక్కింటివారి పలకరింపు, ఇవన్నీ మీకు తెలియకుండానే మీ రోజును నడిపించేవి. ఇల్లు, ఉద్యోగం మారగానే ఆ గుర్తులన్నీ ఒక్కసారిగా పోయాయి. దీనివల్ల ఒక లాభం, ఒక నష్టం. చెడ్డ అలవాట్ల పట్టు సడలుతుంది, అందుకే కొత్తగా బతకొచ్చనిపిస్తుంది. మంచివాటి పట్టూ సడలుతుంది, అందుకే స్నానం ఎప్పుడు చేయాలన్నది కూడా ఆలోచించి తీసుకోవాల్సిన నిర్ణయం అవుతుంది. మీ నీరసంలో కొంత వాటా ఈ చిల్లర నిర్ణయాలది కావచ్చు. బాస్ వెర్‌ప్లాంకెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరుడితో కలిసి 800 మందిపై చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఇల్లు మారినవారికి అలవాట్లు మార్చుకునే వీలు ఎక్కువగా ఉన్నది సుమారు మొదటి మూడు నెలలే అని తేలింది. అంటే కొత్త చోట మీరు చేసేదల్లా గట్టిపడిపోయేలోగా కొంత గడువుంది. ఆ గడువులో ఏమీ అనుకోకుండా చేసినవి కూడా అలవాటవుతాయి, మంచం మీద ఫోను చూడటంతో సహా.

రెండోది, మైలురాళ్ల ప్రభావం. 2014లో హెంగ్‌చెన్ డాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ చేసిన పరిశోధనలో వారం, నెల, ఏడాది మొదలైనప్పుడూ, పుట్టినరోజు దాటాకా జనం వ్యాయామశాలకు వెళ్లడం, లక్ష్యాలు పెట్టుకోవడం పెరిగినట్టు కనబడింది. నిన్నటి తప్పులు చేసింది పాత మనిషి, నేటి మనిషి వేరు అని మనసు లెక్క రాసుకుంటుంది. క్యాలెండరులో మారే తేదీకే అంత బలముంటే, జీవితంలో వచ్చిన ఇంత మలుపుకు ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి.

మూడోదే అసలు మోసం చేసేది. మెదడులో ఊరే డోపమీన్‌ను అందరూ ఆనందపు రసాయనం అంటుంటారు గానీ, మెదడు శాస్త్రవేత్త వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతులపై చేసిన ప్రయోగాలు చూపింది వేరు. ఊహించని బహుమతి అందినప్పుడు డోపమీన్‌ను వదిలే మెదడు కణాలు స్పందిస్తాయి. బహుమతి రాబోతోందన్న సూచన అలవాటయ్యాక ఆ సూచనకే స్పందిస్తాయి, తీరా బహుమతి చేతికొచ్చేటప్పటికి ఊరుకుంటాయి. మన భాషలో చెప్పాలంటే పెళ్లి కంటే పెళ్లిచూపులకే సందడి ఎక్కువ. టైంటేబుల్‌కు రంగులు వేస్తున్నప్పుడు పని సగం అయిపోయినట్టు అనిపించేది ఇందుకే. రెండో రోజు అదే టైంటేబుల్ కొత్తది కాదు, మూడో రోజుకు అది బాకీ కాగితం.

ఇక రాత్రిపూటే ఎందుకంటే, మామూలుగా పడుకునే వేళకు ముందు రెండు మూడు గంటలు శరీర గడియారం మెలకువను గట్టిగా నిలబెడుతుంది. సాయంత్రం తూలినవాళ్లు రాత్రి తొమ్మిది పదికి తేరుకోవడం అందుకే. పైగా ఆ వేళ మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. అన్నిటికంటే ముఖ్యంగా, రేపు పొద్దున లేవడానికి పడే కష్టం రాత్రి పదకొండింటికి ఏమాత్రం తెలియదు. కడుపు నిండినవాడు రేపటి ఉపవాసానికి సులువుగా ఒప్పుకున్నట్టే ఇది.

తండ్రిగారు పోయిన కొద్ది నెలలకే ఈ హుషారేమిటని లోపల తప్పు చేస్తున్నట్టు ఉందని కూడా రాశారు. దుఃఖం సరళరేఖలో తగ్గదు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం మనిషి రెండు ఒడ్డుల మధ్య ఊగుతుంటాడు. కాసేపు పోయినవారి తలపులో ఉంటాడు, కాసేపు మిగిలిన బతుకును చక్కదిద్దుకునే పనిలో ఉంటాడు. ఈ ఊగిసలాటే కోలుకునే తీరు. హుషారు వచ్చిన రోజున మీరు ఆయన్ని మరిచిపోయినట్టూ కాదు, అది పోయిన రోజున వెనక్కి జారినట్టూ కాదు.

ఇప్పుడు పని.

ఊపు వచ్చిందని తెలియగానే మొదటి ఇరవై నిమిషాలు ఏదీ మొదలుపెట్టొద్దు. కాగితం తీసుకుని తలలో తిరిగేవన్నీ రాయండి, వరస అక్కర్లేదు. తర్వాత కాగితం మధ్యలో గీత గీసి, ఒకవైపు ఒక్కసారి చేస్తే తీరిపోయేవి, రెండోవైపు రోజూ చేయాల్సినవి వేరు చేయండి. మామూలుగా అందరూ ఊపును రెండో వైపు ఖర్చు చేస్తారు: రోజూ ఐదింటికి లేస్తా, రోజూ గంట చదువుతా. ఊపు మూడు రోజులే ఉంటుంది, రోజూ చేసేది మూడొందల రోజుల పని. పొత్తు కుదరదు. ఊపంతా మొదటి వైపుకే వెళ్లాలి.

మొదటి వైపు ఏముంటాయంటే: చిరునామా మార్పించాల్సిన కాగితాలు. నెలనెలా జీతం పడగానే కొంత దానంతటదే పక్కకు వెళ్లేలా బ్యాంకులో చెప్పి పెట్టడం. బిల్లులు వాటంతటవే కట్టబడేలా చేయడం. ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తున్న పళ్ల డాక్టరు అపాయింట్‌మెంటు. తండ్రిగారి పేరున ఉన్న ఖాతాలకు ఏయే పత్రాలు కావాలో కనుక్కుని ఒకే ఫోల్డరులో పెట్టడం. విప్పని అట్టపెట్టెల్లో రోజూ చేయి పడే సామాను ఉన్నవి ముందు విప్పడం. ఫోనులో సమయం మింగే యాప్‌లు తీసేయడం, ఛార్జరును పడకగది బయట పెట్టడం. రాసుకునే బల్ల మీద రాసుకోవడానికి తప్ప ఇంకేదీ లేకుండా చేయడం. స్నేహితుడికి ఫోన్ చేసి, ఫలానా రోజుల్లో కలిసి నడుద్దామని మాట పుచ్చుకోవడం. ఈ చివరిది చిన్నగా కనబడుతుంది గానీ, నీరసం రోజున మిమ్మల్ని గడప దాటించేది అదే. అవతలివాడు కింద నిలబడి ఉంటాడు కాబట్టి దిగుతారు.

ఇందులోంచి రోజుకు మూడుకు మించి ఎంచుకోవద్దు. ఒక్కోదానికి ఎంత సేపు పడుతుందో రాసి, దాన్ని ఒకటిన్నర రెట్లు చేయండి. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ ప్రచురించిన అధ్యయనంలో సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థులు సగటున 33.9 రోజుల్లో ముగిస్తామన్నారు, నిజంగా పట్టింది 55.5 రోజులు. వాళ్లేమీ ఊపులో లేరు, మామూలుగా ఉండి వేసిన అంచనా అది. ఊపులో ఉన్నప్పుడు ఇంకా ఘోరంగా తప్పుతుంది.

తొంభై నిమిషాలు పనిచేస్తే పావుగంట లేచి తిరగండి. ఒంట్లో ఇంకా సత్తువ ఉందనిపిస్తుండగానే ఆపండి. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా లాగితే నాలుగో రోజు వచ్చేది మామూలు నీరసం కాదు, దెబ్బతిన్న నీరసం. మీ మూడు రోజుల కథలో రెండు రాత్రుల నిద్ర బాకీ కూడా ఉంది కదా. ఊపు దానంతటదే పోయిందనుకుంటున్నారు, నిజానికి అందులో సగాన్ని మీరే నిద్ర మానుకుని చంపుతున్నారు.

కాబట్టి రాత్రి ఊపుకు నియమం కఠినంగా ఉండాలి. ముప్పై నిమిషాలకు అలారం పెట్టి రాయాల్సింది రాయండి. ఏ సైటులోనూ డబ్బు కట్టొద్దు, ఎవరికీ పెద్ద సందేశం పంపొద్దు. మామూలు వేళకే దీపం ఆపాలి. "రాసుకోకపోతే పొద్దునకు పోతుంది" అన్న భయం తీరడానికి ఆ కాగితం చాలు. పొద్దున్నే ఆ కాగితం చూస్తే సగం పనులు వెర్రిగా కనబడతాయి, మిగతా సగమే అసలు పనులు. ఇంకో మాట, కాఫీ టీలలోని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఊపును పొడిగించడానికి తాగినది అర్ధరాత్రి దాకా పనిచేస్తూనే ఉంటుంది.

వెనక్కి తీసుకోలేనివాటికి 72 గంటల గడువు పెట్టండి. రాజీనామా, పెద్ద అప్పు, ఏడాది చందా, తెగిన బంధానికి రాసే ఉత్తరం, తండ్రిగారి వస్తువులు పంచేయడం లేదా పారేయడం, ఇవన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. మూడు రాత్రులు సరిగ్గా నిద్రపోయాక కూడా అదే నిర్ణయం నిలబడితే అప్పుడు కదలండి. వస్తువుల విషయంలో నేనైతే ఇంకా ఆగమంటాను. వాటిని ఒక పెట్టెలో పెట్టి తేదీ వేసి అటక మీద ఉంచితే వచ్చే నష్టమేమీ లేదు.

గీతకు రెండోవైపున్న వాటిలో ఒక్కటే ఎంచుకోండి. దాని కొలతను ఊపులో ఉన్నప్పుడు కాదు, మీ అతి నీరసం రోజును గుర్తు తెచ్చుకుని నిర్ణయించండి. నడక అయితే చెప్పులు వేసుకుని వీధి చివరదాకా. చదువు అయితే ఒక పేజీ. ఇంత చిన్నదానికి సిగ్గుపడేది ఊపులో ఉన్న మనిషి, నాలుగో రోజు మనిషికి అదే గగనం. హుషారుంటే ఎంతైనా ఎక్కువ చేయండి, కానీ కొలత మార్చొద్దు.

ఆ పనిని దేనికి కట్టాలన్నది చాలామంది తప్పుచేసే చోటు. "పొద్దున ఆరింటికి" అని గడియారానికి కడతారు. జీవితం కుదుటపడనప్పుడు గడియారం నిలబడదు. "ఫలానాది జరిగాక ఫలానాది చేస్తా" అని ముందే ముడి వేసుకోవడం మేలు. పీటర్ గోల్విట్జర్, పాస్కల్ షీరన్ 2006లో 94 పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే, ఉత్త సంకల్పంతో పోలిస్తే ఇలాంటి ముడికి చెప్పుకోదగ్గ బలం కనబడింది. అయితే ముడి వేసే కొయ్య ఇల్లు మారినా ఊడనిది కావాలి. పాత బస్టాపు పోయింది, పాత సహోద్యోగితో భోజనం పోయింది. పళ్లు తోముకోవడం, బయటికెళ్తూ తాళం వేయడం, రాత్రి ఫోను ఛార్జింగుకు పెట్టడం మిగిలాయి. వాటికే కట్టండి: "పళ్లు తోముకున్నాక, బ్రష్షు పెట్టేసి, పుస్తకం తెరుస్తాను."

ఇరవై ఒక్క రోజుల్లో అలవాటవుతుందన్న మాట పట్టించుకోకండి. ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 84 రోజులు గమనించి లెక్కగడితే మధ్యస్థం 66 రోజులు వచ్చింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా తేడా ఉంది. అదే అధ్యయనంలో మీకు అంతకంటే పనికొచ్చే సంగతి ఇంకోటుంది: ఒక రోజు తప్పితే అలవాటు పడటంలో పెద్ద తేడా రాలేదు. తప్పిన రోజు పాడు చేయదు, తప్పాక వచ్చే "ఇక అయిపోయిందిలే" అన్న ఆలోచన పాడు చేస్తుంది. అందుకే వరస రోజులు లెక్కపెట్టే యాప్‌లు మీలాంటి స్థితిలో వద్దంటాను. ఇరవై రోజుల లెక్క సున్నా అయిన పూట మనిషి పుస్తకమే మూసేస్తాడు. నెలలో ఎన్ని రోజులు చేశారో టిక్కులు పెట్టుకుంటే చాలు.

మిగతా పొరపాట్లు త్వరగా చెప్పేస్తాను. సామాను ముందు కొనొద్దు, కొన్న హుషారులోనే ఊపు ఖర్చయిపోతుంది. పది మందికి చాటొద్దు, మెచ్చుకోలు ముందే అందేస్తుంది, తర్వాత మొహం చాటేయాల్సి వస్తుంది. వ్యాయామంలో రెండో రోజే దూరం రెట్టింపు చేయొద్దు, గుండె, కండరాలు అలవాటు పడినంత త్వరగా కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే బంధనాలు అలవాటు పడవు, మడమ దగ్గరో మోకాలి దగ్గరో పట్టేసి నెల రోజులు కూర్చోబెడుతుంది. ఊపు పోయాక దాన్ని మళ్లీ రప్పించడానికి స్ఫూర్తి వీడియోలు చూడటం అన్నిటికంటే నిరర్థకం. గంట సేపు చూస్తే గంట పోతుంది, అంతే.

ఇక నాలుగో రోజు. అది వస్తుందని ముందే తెలుసు కాబట్టి దానికి ముందే సిద్ధపడాలి. ఊపు తగ్గుతున్నట్టు అనిపించగానే (సాధారణంగా మూడో రోజు మధ్యాహ్నం, పని మీద చిరాకు మొదలైనప్పుడు) ఒక అప్పగింత చీటీ రాయండి. షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి చెప్పినట్టు: ఎక్కడ ఆపాను, తర్వాతి అడుగు ఏమిటి, దానికి కావాల్సిన కాగితం ఎక్కడుంది. "బ్యాంకు పని పూర్తి చేయాలి" అని రాస్తే నీరసం మనిషికి అది కొండ. "నీలం ఫోల్డరులో రెండో కాగితం మీద సంతకం పెట్టాలి, పెన్ను అందులోనే ఉంది" అని రాస్తే చేస్తాడు. సగంలో ఆపిన పనికి కూడా ఇలా తర్వాతి అడుగు రాసి పెడితే అది తలలో గిరగిరా తిరగడం తగ్గుతుంది.

నీరసం రోజుల్లో మనసు బాగయ్యాక పని చేద్దామని కూర్చుంటే ఆ రోజు రాదు. డిప్రెషన్‌కు వాడే ఒక చికిత్సా పద్ధతిలో వరస తిరగేస్తారు, పని ముందు, మనసు తర్వాత. పది నిమిషాలు పెట్టుకోండి, పదో నిమిషాన ఆపేసే హక్కు నిజంగానే ఉంచుకోండి. ఆపేసినా ఆ రోజు టిక్కు పడుతుంది.

చివరగా, ఒక క్యాలెండరు మీద ఊపు మొదలైన రోజు, పోయిన రోజు, ఆ రోజుల్లో పడుకున్న గంటలు, ముందురోజు జరిగిన ముఖ్య సంగతి, ఇంతే రాస్తూ రండి. రెండు మూడు నెలలకు మీ తీరు మీకే కనబడవచ్చు. కొందరికి వాయిదా పడుతున్న నిర్ణయం ఒకటి తేలిన మర్నాడు వస్తుంది, కొందరికి బాగా నిద్రపోయిన రెండో రోజు, ఆడవాళ్లలో కొందరికి నెలసరి ముగిసిన వారంలో. మీది ఎప్పుడో తెలిశాక, గీతకు మొదటి వైపున్న బరువు పనులను ఆ రోజులకు అట్టేపెట్టుకోవచ్చు. ఒకవేళ సైకియాట్రిస్టును కలవాల్సి వస్తే, అరగంట మాటల్లో తేలనిది ఆ క్యాలెండరు చూపిస్తే ఐదు నిమిషాల్లో తేలొచ్చు. దాన్ని వెంట తీసుకెళ్లండి.